ఎండా నీడా ఒకే ఫ్రేములో

గాంధీ కొండ మీద పాత టాయ్ ట్రైన్ పెట్టె, దాని వెనక బెజవాడ. ఈ రెండూ ఒకే ఫొటోలో సరిగ్గా రావడం ఎందుకంత కష్టం? హెచ్‌డీఆర్ అనే పద్ధతి దగ్గర జవాబుంది. ఆ జవాబును ఎంతవరకు వాడుకోవాలన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

బెజవాడ వాళ్ల ఇళ్లలో పాత ఆల్బమ్ తిరగేస్తే గాంధీ కొండ టాయ్ ట్రైన్ ఫొటో ఒకటి తగులుతుంది. పిల్లలు పెట్టెలో కూర్చుని ఉంటారు. వెనక ఊరు ఉండాలి. ఉండాలి గానీ ఉండదు. మొహాలు బాగా వచ్చిన ఫొటోలో ఊరంతా సున్నం కొట్టినట్టు తెల్లగా పోయి ఉంటుంది. ఊరు బాగా వచ్చిన ఫొటోలో పిల్లలు నల్లటి ఆకారాలైపోయి, పెద్దాడెవరో చిన్నాడెవరో ఎత్తును బట్టి పోల్చుకోవాల్సి వస్తుంది. తీసినవాళ్ల తప్పేం లేదు. అంత తేడా ఉన్న వెలుతురును ఒక్కసారిగా పట్టే శక్తి ఆ ఫిల్ముకు లేదు. ఇప్పటి ఖరీదైన డిజిటల్ కెమెరాకైనా ఆ చోట ఒక్క క్లిక్కుతో పని జరగడం కష్టమే.

ఆ చోట నిలబడి చూస్తే సంగతి అర్థమవుతుంది. కొండ అంచు వెంట వేసిన ఇరుకు పట్టాల మీద చిన్న పెట్టె. పైన కప్పు, పక్కలు తెరిపి. లోపల కూర్చుంటే హాయిగా నీడ. ఎదురుగా మాత్రం కొండ దిగువన తారాపేట డాబాలు, విజయవాడ జంక్షన్ ప్లాట్‌ఫారాల కప్పులు, వాటి మీద పడి ఎగిసికొడుతున్న ఎండ. మన కన్ను ఈ రెంటినీ ఇబ్బంది లేకుండా చూస్తుంది. లోపలి బల్లను చూసేటప్పుడు కంటిపాప కాస్త విచ్చుకుంటుంది, ఊరివైపు తిప్పగానే ముడుచుకుంటుంది, రెటీనా తన పదునును మార్చుకుంటుంది. ఈ చూపులన్నీ కలిపి మెదడు ఒక దృశ్యంగా అందిస్తుంది. కెమెరాకు ఆ సౌకర్యం లేదు, ఒక క్లిక్కుకు ఒకే చూపు. హై డైనమిక్ రేంజ్, పొట్టిగా హెచ్‌డీఆర్, చేసేదల్లా కెమెరా కూడా నాలుగైదుసార్లు చూసేలా చేయడం. ఒకే చోట నిలబెట్టి, అదే దృశ్యాన్ని, వేరువేరు ఎక్స్‌పోజర్లతో.

హెచ్‌డీఆర్ అంటే నీడల్ని తరిమేయడం అనుకునేవాళ్లు చాలామంది. కృష్ణా డెల్టాలో అలా తరిమేస్తే మిగిలేది ఏమీ ఉండదు. ఇక్కడ ఎండాకాలమంతా మనిషి నీడ నుంచి నీడకు నడుస్తాడు. వేపచెట్టు నీడ, దుకాణం ముందు కట్టిన పట్టా నీడ, ఫ్లైఓవర్ కింద నీడ, కాలవ గట్టున తుమ్మచెట్టు నీడ. నీడ లేని బెజవాడ బొమ్మ బెజవాడది కాదు. పెట్టెలోని నీడ చల్లగా ఉండాలి, అందులో కూర్చున్నవాళ్ల మొహాలు తెలియాలి, బయట ఎండ చుర్రుమనాలి. ఈ మూడూ కుదిరిన ఫొటో కోసమే ఇంత ప్రయాస.

కొండ, స్తూపం, పట్టాలు

గాంధీ కొండకు పాత పేరు ఓర్ హిల్. 1852లో మొదలై 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్టను దగ్గరుండి కట్టించిన ఇంజినీరు పేరు కూడా కెప్టెన్ ఓరే. ఆ ఆనకట్ట స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కొండ మీద 52 అడుగుల గాంధీ స్తూపాన్ని 1968 అక్టోబరు 6న అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుసేన్ ఆవిష్కరించారు. మరుసటి ఏడాది గాంధీ శతజయంతి. అంతకు చాలా ముందే, 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఈ ఊళ్లో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశానికి గాంధీ వచ్చారు. పింగళి వెంకయ్య జెండా నమూనా ఆయన చేతికి అందింది ఆ సందర్భంలోనే.

స్తూపం, గ్రంథాలయం, నక్షత్రశాల, వాటితోపాటు కొండను చుట్టి వచ్చే పిల్లల రైలు. ఆ రైలు కొన్నేళ్లు తిరిగింది, కొన్నేళ్లు ఆగింది, బాగుచేశాక మళ్లీ కదిలింది. వెళ్లేముందు ఆ వారం నడుస్తోందో లేదో కనుక్కోవడం మంచిది. ఫొటో తీసేవాళ్లకు మాత్రం ఆగి ఉన్న పెట్టే అదృష్టం. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

కొండలకూ పట్టాలకూ ఉన్న చుట్టరికం పాతదే. 1881లో డార్జిలింగ్ రైలు, 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా నీలగిరి రైలు, 1903లో కాల్కా సిమ్లా రైలు. మూడూ ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉన్నాయి. తాడుతో వాలు మీదకు లాగే పెట్టెలు మరో తెగ. హాంకాంగ్‌లో పీక్ ట్రామ్ 1888లో, లాస్ ఏంజెలెస్‌లో ఏంజెల్స్ ఫ్లైట్ 1901లో మొదలయ్యాయి. మనవాళ్లకు బాగా తెలిసిన పెట్టె పళని కొండ మీది వించ్. విశాఖ వెళ్లిన పిల్లలు కైలాసగిరి టాయ్ ట్రైన్ ఎక్కి సముద్రాన్ని చూస్తారు. వీటి పక్కన గాంధీ కొండ రైలు చాలా చిన్నది, చేరవేసే ఊరు కూడా లేదు. అయినా దానికి ఒక్క ప్రత్యేకత ఉంది. దేశంలోని పెద్ద జంక్షన్లలో ఒకదాన్ని అది పైనుంచి చూస్తుంది. 1889లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే సికింద్రాబాదు నుంచి బెజవాడ దాకా లైను తెచ్చింది. అప్పటినుంచి ఒక్కో దిక్కు నుంచీ ఒక్కో లైను వచ్చి ఇక్కడ కలిసింది. పిల్లల రైలు పెట్టెలోంచి అసలు రైళ్లు కనపడే చోటు ఇది. ఫొటోలో ఊరు తెల్లగా పోతే పోయేది వెనకున్న అలంకారం కాదు, ఆ పెట్టె అక్కడ ఉండటానికి ఉన్న అర్థమే.

అరవై రెట్ల తేడా

లెక్క కొంచెం చూద్దాం. ఫొటోగ్రాఫర్లు వెలుతురును స్టాపుల్లో కొలుస్తారు. ఒక స్టాపు పెరిగిందంటే వెలుతురు రెట్టింపయిందని. నిండు ఎండలో, ఐఎస్‌ఓ 100, ఎపర్చరు ఎఫ్/8 పెట్టుకుంటే ఊరు సరిగ్గా రావడానికి సెకనులో 400వ వంతు చాలు. అదే ఎపర్చరుతో పెట్టెలోపల బల్ల కనపడాలంటే సెకనులో ఆరో వంతు దాకా కావాలి. అంటే ఆరు స్టాపులు, సుమారు 64 రెట్ల తేడా. బల్ల కింద ఇంకో రెండు స్టాపులు చీకటి. తెల్లటి స్తూపం మీద, మబ్బు అంచుల మీద మరో రెండు స్టాపులు మెరుపు. ఈ కొసనుంచి ఆ కొసకు పది స్టాపులు అక్కడికక్కడే అయిపోయాయి. రేకు మీద ఎండ తళుక్కుమన్న చోటును, మూలల్లోని చీకటిని కూడా కలిపితే పన్నెండు దాటుతుంది.

పాత కలర్ స్లైడు ఫిల్ము అయిదారు స్టాపుల కంటే పట్టేది కాదు. నెగెటివ్ ఫిల్ము ఉదారమైనది, అయినా స్టూడియోలో ప్రింటు వేసేటప్పుడు అందులో సగం జారిపోయేది. ఇప్పటి మంచి సెన్సర్లు కాగితం మీద 14 స్టాపుల దాకా పడతాయి. అయితే ఆ అడుగు స్టాపుల్లో ఉన్న సమాచారాన్ని పైకి లాగితే ఇసుక జల్లు లాంటి నాయిస్ కూడా వెంట వస్తుంది. అందుకే ఒక్క ఫ్రేమును పిండటం కంటే అయిదు ఫ్రేములు తీసుకోవడం మేలు.

అయిదు ఎలా? ఎండకు సరిపడే 1/400 నుంచి మొదలుపెడదాం. మెరుపుల కోసం రెండు స్టాపులు తగ్గించి 1/1600. తర్వాత 1/400, 1/100, 1/25, 1/6. ఒక్కోటీ ముందుదానికి నాలుగు రెట్లు. మొదటిదానికీ చివరిదానికీ మధ్య దాదాపు 256 రెట్లు. మొదటి ఫ్రేములో స్తూపం సున్నపు పూత మీది మచ్చలు కూడా కనపడతాయి, పెట్టె మాత్రం చీకటి గుహ. చివరి ఫ్రేములో పెట్టె లోపలి మేకు తలకాయలు, పిల్లలు బ్లేడుతో చెక్కిన పేర్లు కూడా తెలుస్తాయి, ఊరు మాత్రం ఉండదు. మిగతా మూడూ మధ్యలో మెట్లు.

మారాల్సింది షట్టర్ వేగం ఒక్కటే. ఎపర్చరు మారిస్తే ఎంత లోతు వరకు స్పష్టంగా ఉంటుందన్నది మారిపోయి ఫ్రేములు ఒకదానిమీద ఒకటి కుదరవు. ఐఎస్‌ఓ మారిస్తే నాయిస్ మారుతుంది. వైట్ బ్యాలెన్స్ కెమెరాకే వదిలేస్తే నీడ ఫ్రేము నీలంగా, ఎండ ఫ్రేము పసుపుగా తేలతాయి. ఫోకస్ ఒకసారి కుదిరాక మాన్యువల్‌లోకి మార్చేయాలి. కెమెరా రా (RAW) ఫైళ్లు రాసుకునేలా పెట్టాలి. ట్రైపాడ్ బరువుగా ఉండాలి, కొండ మీద గాలి ఊరకే ఉండదు. క్లిక్కు వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమరు పెడితే అదురు ఉండదు. ఇప్పటి కెమెరాల్లో చాలావాటిలో ఆటో బ్రాకెటింగ్ ఉంటుంది. ఒక్కసారి పెట్టుకుంటే అయిదూ వరసగా అవే తీసుకుంటాయి.

పెట్టె ఆగి ఉంటే అదృష్టమన్నది ఇందుకే. అయిదు ఫ్రేములకు రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆలోపు కదిలినదల్లా దెయ్యమై తేలుతుంది. ఫొటోగ్రాఫర్లు దాన్ని ఘోస్టింగ్ అనే అంటారు. కింద స్టేషన్లోంచి బయల్దేరిన రైలు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటుంది. కలిపాక ఒకే రైలుకు అయిదు ఇంజన్లు. కొమ్మలూ ఇంతే. సాఫ్ట్‌వేర్లలో డీఘోస్ట్ అనే సదుపాయం ఉంది, కదిలిన చోట ఒకే ఫ్రేమును నమ్ముకుని మిగతావాటిని పక్కన పెడుతుంది. దానికి వదిలేయకుండా రైలు ఏ ఫ్రేములో బాగుందో మనమే చూసి ఆ ముక్కను మాస్కుతో పెట్టుకుంటే శుభ్రంగా వస్తుంది.

మరి పిల్లలు? సెకనులో ఆరో వంతు కదలకుండా కూర్చునే పిల్లలు భూమ్మీద లేరు. కూర్చోబెట్టాలని చూడటం కూడా అన్యాయమే. వాళ్లు ఉన్న ఫొటోకు వేరే దారి ఉంది, సినిమావాళ్లది. పెట్టె బయట ఎండలో ఒక తెల్ల థర్మోకోల్ షీటు పట్టుకుంటే ఎండ దానిమీద పడి మెత్తగా లోపలికి తిరుగుతుంది. రెండు స్టాపులు అక్కడే కలిసొస్తాయి. ఐఎస్‌ఓ కాస్త పెంచితే మొహాలకు సెకనులో 100వ వంతు చాలు, పిల్లలు ఆడుకుంటూనే ఉండొచ్చు. షీటు పట్టుకోవడానికి ఎవర్నీ వెతకక్కర్లేదు. కొండ మీద ట్రైపాడ్ నిలబెట్టగానే పక్కకొచ్చి ‘ఏ చానలండీ మీది?’ అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, అడిగితే సంతోషంగా పట్టుకుంటారు.

సముద్రం ఒక నెగెటివ్, ఆకాశం ఒక నెగెటివ్

ఈ చిక్కు కంప్యూటర్ల కాలంలో పుట్టింది కాదు. 1850లలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఫొటో తీయబోతే ఆకాశం తెల్లగా పోయేది. అప్పటి గాజు ప్లేట్లకు నీలం వెలుతురంటే మహా సున్నితం. ఆయన సముద్రానికొక నెగెటివ్, ఆకాశానికొక నెగెటివ్ తీసి, రెంటినీ దిగంతరేఖ దగ్గర అతికి ఒకే ప్రింటు వేశారు. నిజానికి హెచ్‌డీఆర్ అక్కడే మొదలైంది. 1940 ప్రాంతంలో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి జోన్ సిస్టమ్ తయారుచేశారు. నల్ల నుంచి తెలుపు దాకా ఉన్న మెట్లలో ఏ నీడ ఏ మెట్టు మీద పడాలో క్లిక్కు నొక్కకముందే నిర్ణయించుకునే క్రమశిక్షణ అది. చార్లెస్ వైకాఫ్ అణు పరీక్షల మంటను పట్టుకోవడానికి మూడు వేర్వేరు వేగాల పొరలున్న ఫిల్మును తయారుచేశారు. ఒక పొర మాడిపోయినా ఇంకో పొరలో బొమ్మ నిలిచేది.

డిజిటల్ రూపం 1990లలో వచ్చింది. 1995లో స్టీవ్ మాన్, రోజలిండ్ పికార్డ్ వేర్వేరు ఎక్స్‌పోజర్లను లెక్క ప్రకారం కలిపే దారి చూపారు. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ రాసిన పత్రం ఆ దారిని రాజమార్గం చేసింది. మాలిక్ ఐఐటీ కాన్పూర్‌లో చదివి, బర్క్‌లీలో ప్రొఫెసరైనవారు. వాళ్లు చేసిన పని తేటగా చెప్పుకోవచ్చు. అయిదు ఫ్రేముల్లో ఒకే చుక్క ఎంతెంత వెలుగుతో వచ్చిందో చూసి, ఆ చుక్క దగ్గర అసలు ప్రపంచంలో ఎంత వెలుతురు ఉందో వెనక్కి లెక్కగట్టడం. అలా వచ్చిన పటంలో బల్ల కింద చీకటికీ రేకు మీది మెరుపుకూ మధ్య ఉన్న వేల రెట్ల తేడా మొత్తం అంకెల్లో ఉంటుంది. అంత తేడాను చూపించే కాగితం మాత్రం లేదు. వార్తాపత్రిక కాగితం మీద తెలుపుకూ నలుపుకూ మధ్య నాలుగైదు స్టాపులకు మించదు. పన్నెండు స్టాపుల లోకాన్ని నాలుగైదు స్టాపుల కాగితంలోకి కుదించడమే టోన్ మ్యాపింగ్.

రెండో పద్ధతి ఇంకా నిరాడంబరం. 2007లో మెర్టెన్స్, కౌట్స్, వాన్ రీత్ చూపిన ఎక్స్‌పోజర్ ఫ్యూజన్‌లో వెలుతురు పటం కట్టే పనే లేదు. ఒక్కో ఫ్రేములో ఏ ముక్క సరిగ్గా వచ్చిందో చూసి, ఆ ముక్కలకు ఎక్కువ విలువ ఇచ్చి నేరుగా కలిపేస్తారు. గాంధీ కొండ లాంటి చోట నా ఓటు దీనికే. బొమ్మ సహజంగా వస్తుంది, రంగులు తిరగబడవు.

మీ జేబులోని ఫోన్ ఈ పనంతా చెప్పకుండానే చేస్తోంది. ఐఫోన్ 4లో 2010లో హెచ్‌డీఆర్ మీట వచ్చింది. తర్వాత గూగుల్ వాళ్ల పద్ధతిలో ఫోన్ చీకటిగా ఉన్న ఫ్రేముల్ని గబగబా చాలా తీసి, వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి నాయిస్ తగ్గించి, ఆ తర్వాత నీడల్ని పైకి లేపుతుంది. చేతిలో పట్టుకుని తీసే ఫొటోకు ఇది మంచి ఉపాయం. ఇబ్బందల్లా, నీడ ఎంత లేపాలో కూడా ఫోనే నిర్ణయిస్తుంది. బెజవాడ మధ్యాహ్నానికీ స్విట్జర్లాండ్ సాయంత్రానికీ దానికి ఒకటే లెక్క.

ఎక్కువైతే

పదిహేనేళ్ల కిందట హెచ్‌డీఆర్ పేరుతో వచ్చిన ఫొటోలు గుర్తున్నాయా? ఊదారంగు మబ్బులు, కొండల చుట్టూ తెల్లటి వెలుగు గీతలు, తుప్పు పట్టిన ప్రతి రేకూ ముడతలు పడ్డ చర్మంలా. పాత రైలు పెట్టెలూ ఇంజన్లూ ఆ మోజుకు ఎక్కువగా బలయ్యాయి. లోకల్ కాంట్రాస్ట్ మీటను చివరిదాకా తోస్తే తుప్పు నాటకీయంగా కనపడుతుందని కనిపెట్టారు, ఇక ఆగలేదు. ఆ బొమ్మల్లో ఎండ ఎటునుంచి వస్తోందో తెలియదు. అన్ని మూలలూ సమానంగా వెలుగుతుంటాయి. సమానంగా వెలిగే చోట వేడి తెలియదు.

మన స్టూడియోల్లో పాతకాలపు రీటచింగ్ మేస్త్రీలకు ఈ హద్దు బాగా తెలుసు. ఎన్‌లార్జర్ కింద కాగితం మీద బొమ్మ పడుతున్నప్పుడు అట్టముక్కనో చేతినో అడ్డంపెట్టి మొహానికి కాస్త వెలుతురు మిగిల్చేవారు, చొక్కా తెల్లగా పోతుంటే అక్కడ ఇంకాసేపు కాంతి పోసేవారు. ఆ చెయ్యి నిలకడగా ఉంచితే అంచు గీతలా పడుతుందని ఎప్పుడూ ఆడిస్తూనే ఉండేవారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో హేలో అనే జబ్బుకు కారణం ఆ ఆడని చెయ్యే. నెగెటివ్ మీద పెన్సిల్‌తో కళ్ల కింది నీడను తగ్గించేటప్పుడు కూడా పూర్తిగా తీసేవారు కాదు. తీస్తే మొహం బల్లపరుపవుతుంది.

నలుపు తెలుపుల్లో ఈ విద్యకు పరాకాష్ఠ చూడాలంటే 1957 నాటి ‘మాయాబజార్’ చూడాలి. మార్కస్ బార్‌ట్లీ వెన్నెలలో ఎంత చీకటిని ఉండనిచ్చారో గమనించండి. నీళ్లు మెరుస్తాయి, మొహాలు వెలుగుతాయి, గట్టు నల్లగానే ఉంటుంది. ఆ నల్లటి గట్టే లేకపోతే అది వెన్నెల అని మనం నమ్మం.

గాంధీ కొండ పెట్టెకు నేను పెట్టుకున్న కొలత ఇదే. ఫొటో పూర్తయ్యాక పెట్టె లోపలి భాగం బయటి ఊరి కంటే కనీసం రెండు స్టాపులు చీకటిగా ఉండాలి. నిజంలో ఆరు, బొమ్మలో రెండు. బల్ల కింద దాదాపు నలుపే మిగలాలి. రేకు మీద తళుకు ఒకటి రెండు చోట్ల పూర్తిగా తెల్లబడినా దిద్దకూడదు, ఎండ అంటే అదే మరి. స్లైడర్లు జరిపాక కంప్యూటరు దగ్గర్నుంచి లేచి, మంచినీళ్లు తాగి, తిరిగొచ్చి చూసినప్పుడు ముందు పెట్టె కనపడాలి, హెచ్‌డీఆర్ కనపడకూడదు.

ఏ నెల, ఏ పూట

కొండకు తూర్పు దిగువన స్టేషన్ ఉంది కాబట్టి ఉదయం అటు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. పెట్టెలోంచి తీయడానికి అత్యంత కష్టమైన పూట అది. ప్లాట్‌ఫారాల కప్పుల మీద పొగలాంటి వెలుతురు తేలుతుంది కాబట్టి అత్యంత అందమైనదీ అదే. సాయంత్రమైతే సూర్యుడు దుర్గమ్మ కొండ వైపు దిగుతాడు, ఊరి మీద ఎండ పక్కవాటుగా పడుతుంది, పెట్టెలోకి కూడా కొంత దూరుతుంది. తేడా నాలుగు స్టాపులకు దిగివస్తుంది, మూడు ఫ్రేములతో సరిపోతుంది. కొత్తవాళ్లు సాయంత్రంతో మొదలుపెట్టడం మంచిది.

నడినెత్తిన ఎండలో ఏం తీస్తాం అనుకోకండి. బెజవాడ పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదకు వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ కాసేపు నీడ ఉండదు. నక్షత్రశాల ఉన్న కొండ మీద ఈ ముచ్చట చూడటం పిల్లలకు మంచి పాఠం. ఆ క్షణంలో ఊరంతా నీడ కోల్పోతుంది, పెట్టె కప్పు కింద మాత్రం నీడ నలుచదరంగా మిగులుతుంది. ఆ కాసేపటికి కొండ మీదున్న నీడంతా ఆ పెట్టెదే. మేలో మబ్బు లేకుండా ఎండ ఖాయం, ఆగస్టుది అదృష్టాన్ని బట్టి.

రోహిణి కార్తెలో దూరాలన్నీ దుమ్ముతో, వేడి గాలితో వణుకుతుంటాయి. ఎన్ని ఫ్రేములు తీసినా ఆ మసక పోదు. హెచ్‌డీఆర్ వెలుతురు తేడాను సరిచేస్తుంది, గాలిని కడగలేదు. గాలిని కడిగేది వాన. జూలైలో గట్టి వాన పడి వెలిసిన సాయంత్రం కొండెక్కితే ఏలూరు కాలవ, రైవస్ కాలవ సాగే దిక్కులు, మొగల్రాజపురం కొండలు కత్తిరించి పెట్టినట్టు కనపడతాయి. తడిసిన పట్టాలు మెరుస్తాయి. ఆకాశంలో ముదురు మబ్బు, దాని కిందనుంచి పసుపు ఎండ. ఈ పద్ధతి పుట్టిందే అలాంటి ఆకాశం కోసమా అనిపిస్తుంది.

కదిలే పెట్టె, కదలని గుహ

కదిలే పెట్టెలోంచి అయిదు ఫ్రేములు అసాధ్యం. విశాఖ నుంచి అరకు వెళ్లే విస్టాడోమ్ కోచ్ ఎక్కితే అది అనుభవానికి వస్తుంది. బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన కొత్తవలస కిరండూల్ లైను అది. దారిలో సొరంగాలు చాలా. శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. చెన్నై పెరంబూరు ఐసీఎఫ్‌లో తయారైన అద్దాల కోచ్ 2017 ఏప్రిల్‌లో ఈ దారికి వచ్చింది. సొరంగంలోంచి బయటపడే క్షణంలో అద్దం కప్పులోంచి వెలుతురు మీద పడుతుంది. అరసెకనులో పది స్టాపులు మారతాయి. అక్కడ ఫోన్ చేసే గబగబా పేర్పు, లేదా ఆకాశానికి సరిపడా చీకటిగా తీసిన ఒక్క రా ఫైలు, ఈ రెండే దిక్కు. ఆకాశం తెల్లగా పోతే తిరిగిరాదు, నీడను కొంతైనా లేపుకోవచ్చు.

చెయ్యి అలవాటు కావడానికి మాత్రం కదలని చోటే కావాలి. ఉండవల్లి గుహలు నదికి అవతలే ఉన్నాయి. అనంత పద్మనాభుడు పడుకున్న అంతస్తులోంచి బయటకు చూస్తే స్తంభాల మధ్య పచ్చటి పొలాలు, లోపల రాతి చీకటి. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు అనుమతి అడగాల్సి ఉంటుంది కాబట్టి స్తంభానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి మూడు ఫ్రేములు తీయడం నేర్చుకోవచ్చు. అక్కడ కుదిరితే పెట్టెలో తప్పక కుదురుతుంది.

ఇంత శ్రద్ధ ఒక పిల్లల రైలు మీద ఎందుకని అడిగేవాళ్లుంటారు. గుంటూరు నుంచి పడమరకు, నల్లమల మీదుగా గుంతకల్లు వైపు వెళ్లే పాత మీటర్ గేజి లైను మీద దొరబావి దగ్గర లోయ దాటే ఎత్తయిన వంతెన ఉండేది. 1990లలో బ్రాడ్ గేజి వచ్చి దారి మారింది, వంతెన వాడుకలోంచి పోయింది. దానిమీద ప్రయాణం చేసినవాళ్లు లోయలోకి చూసిన భయాన్ని ఇప్పటికీ చెబుతారు. ఆ పెట్టె కిటికీలోంచి లోయ ఎలా కనపడేదో, లోపల కూర్చున్నవాళ్లూ బయటి అడవీ ఒకే చూపులో ఎలా ఉండేవో చూపించే ఫొటో కోసం నేను చాలా వెతికాను. వంతెనను దూరం నుంచి తీసినవి దొరుకుతాయి, లోపలినుంచి తీసినవి కావు. అప్పటి ఫిల్ముకు అది అందని వెలుతురు. ఇప్పుడు అందుతోంది.

గాంధీ కొండ పెట్టెకు రేపు రంగు మారుస్తారు, కప్పు మారుస్తారు, ఎదురుగా ఇంకో అంతస్తు లేస్తుంది. కాబట్టి తీసినవాళ్లు పూర్తయిన బొమ్మ ఒక్కటే దాచుకుంటే చాలదు. ఆ అయిదు రా ఫైళ్లనూ రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టండి. పదేళ్ల తర్వాత ఇంతకంటే మంచి కలిపే పద్ధతి వస్తుంది, అప్పుడు అవి కావాలి. ఫైళ్ల పక్కనే చిన్న నోటు రాయండి: తేదీ, సమయం, పెట్టెలో ఏ బల్ల మీదనుంచి ఏ దిక్కుకు చూస్తూ తీశారు, ఆ రోజు రైలు నడుస్తోందా ఆగి ఉందా.